వెనక బోయీ చూడని జలపాతం

దిగంతదేశం ఎంత పెద్దదంటే, తూర్పు కొసన కోడి కూసిందన్న కబురు పడమటి కొసకు చేరేసరికి ఆ కోడి కూరైపోయి, దాని మనవలు కూతకు వచ్చేవి. దేశం పెద్దది గనకే వింతలూ పెద్దవి. ఉత్తరాన అడుగు మోపితే చాలు, సన్నాయిలా రాగం తీసే ఇసుక మేటలు. నడిమి సీమలో ఒక ఉప్పు సరస్సు ఏడాదికి మూడు రోజులు కుంకుమ కలిపిన పాలలా మారుతుంది. ఆ మూడు రోజులూ అందులో వాలిన కొంగలు సిగ్గుపడిన పెళ్ళికూతుళ్ళలా కనబడతాయి. దక్షిణాన గులకరాయి తగిలితే గంటలా మోగే నల్లకొండలున్నాయి. అక్కడి పశువుల కాపరులు మేకలను మేపుతూ కొండలను వాయించుకుంటూ పొద్దు పుచ్చుతారు.

వీటన్నిటినీ తలదన్నేది పడమట శరభగిరి మీది ఎగువ జలపాతం. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఈ నీటికి మాత్రం పల్లమంటే ఏమిటో ఎవరూ నేర్పలేదు. లోయలోంచి లేచే గాలి దెబ్బకు, అంచు మీంచి దూకబోయిన ఏరంతా వెనక్కి తిరిగి ఆకాశానికి ఎగబాకుతుంది. పుట్టింటి మీద బెంగ పెట్టుకున్న నీరని కొండవాళ్ళు అంటారు.

పాఠక మహాశయులారా, ఆ శరభగిరి నడికొండన, మధ్యాహ్నం పొద్దు వాలుతుండగా, ఇద్దరు ఉప్పు వర్తకులు ఆయాసపడుతూ ఆగారు. ఇద్దరూ భుజాల మీద ఒక పొడుగాటి కర్ర మోస్తున్నారు. దాని నడుమ ఉప్పు మూట వేలాడుతోంది. పడుచువాడు ఒంటినిండా ఉప్పు పూసుకున్నాడే గాని, మొహంలోని నిప్పును దాచుకోలేకపోయాడు. అతడే యువరాజు అరిందముడు. రెండోవాడు అరవై దాటిన పైడయ్య. ఒకప్పుడు రాజవంశపు మేనా మోసిన బోయీ. ముప్పై ఏళ్ళు మోసినా ఎవరినీ మోసగించనివాడు. ఆ మోతకు ఎడం భుజాన కాసిన కాయ ఇంకా అలాగే ఉంది. అన్ని కాయలూ ఏదో ఒకనాటికి పండుతాయి, అది మాత్రం పండలేదు.

యువరాజుకు ఈ ఉప్పు వేషం ఎందుకొచ్చిందంటే, అదంతా మంత్రి ధూమ్రకేశుడి పుణ్యం. అతడికి మంత్రిత్వం జీతం కోసం, మంత్రగాడితనం జీవితం కోసం. మహారాజు చనిపోయిన ఏడాదే, సాంబ్రాణి పొగలో మరపుమందు కలిపి మహారాణి కువలయదేవి మందిరంలో వేయించాడు. ఆమె పేరు మరిచింది, ఊరు మరిచింది. కొడుకు వచ్చి కాళ్ళకు మొక్కితే పరకాయించి చూసి, "ఎవరింటి పిల్లాడివి నాయనా? ఎండన పడి వచ్చినట్టున్నావు. అన్నం తిన్నావా?" అంది. అన్నీ మరిచిన తల్లి అన్నం అడగడం మాత్రం మరవలేదు. యువరాజు ఆ పూట అన్నం తినలేదు.

రాబోయే పున్నమి సభలో రాజ్యాన్ని తనకు రాసిచ్చే పత్రం మీద ఆమె చేత రాజముద్ర వేయించాలని మంత్రి ఎత్తు. ఆ ముద్ర పడితే రాజ్యానికిక శాశ్వత నిద్ర. పున్నమి ఇంకా మూడు రోజులే ఉంది. రాజధానికి రెండు రోజుల గుర్రపు ప్రయాణం.

దీనికి రాజవైద్యుడు ఒక్కటే విరుగుడు చెప్పాడు. దేశం చూడని కోడలు దేశానికి తల్లి కాలేదని ఆ వంశంలో ఒక ఆచారం. కొత్త కోడల్ని మేనాలో దేశమంతా తిప్పి, వింతలన్నీ చూపించి, ఆ తరవాతే కోట గడప తొక్కనిస్తారు. "పెళ్ళికూతురి కళ్ళతో చూసినవి ఏ మంత్రానికీ చెరగవు బాబూ. ఆ నాలుగు వింతల గుర్తులూ తెచ్చి ఆమె చేతిలో పెట్టు. గుర్తు దానంతట అదే వస్తుంది" అన్నాడాయన. పాడే ఇసుక పిడికెడు, సరస్సు ఉప్పు చిటికెడు, మోగే రాయి ఒకటి యువరాజు నడుముసంచిలో చేరాయి. ఇక కావలసింది ఎగువ జలపాతపు నీళ్ళు. వాటి కోసం పైడయ్య మొలకు ఒక ఎండు సొరకాయ బుర్ర వేలాడుతోంది.

"అదిగో తాతా!" అని అరిచాడు అరిందముడు ఉన్నట్టుండి.

పొగమంచు విడిపోయింది. కుడివైపు కొండ నెర్రెలోంచి వెండి జరీ అంచులాంటి జలపాతం పైకి ఎగస్తోంది. దాని మీద ఏడు రంగుల ఇంద్రధనుస్సు. అక్కడికి చక్కని పాలరాతి మెట్లు కూడా ఉన్నాయి. యువరాజు కర్ర దించి మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయాడు. పైడయ్య వెనకనుంచి అతని నడికట్టు పట్టుకుని, బావిలో చేదను లాగినట్టు లాగాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. యువరాజు కాలి కింద నుంచి జారిన రాయి మెట్ల గుండా దూసుకుపోయింది. అది నేలను తాకిన చప్పుడు ఎంతకూ వినిపించలేదు.

"మెట్లు కావు బాబూ, మోసం! ముక్కు పెట్టి సూడండి."

గాలిలో సాంబ్రాణి వాసన. అంతలోనే ఎడమవైపు ఇంకో జలపాతం కనబడింది. దాని పక్కన మరొకటి. చిటికెలో కొండ చుట్టూ పదకొండు జలపాతాలు, పదకొండు దారులు. అన్నీ అందంగానే ఉన్నాయి, అదే వాటి అందవికారం.

అరిందముడు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు గాని, నీళ్ళ బొమ్మలను నరికేందుకు ఏ కత్తీ పనికిరాదు. "ఇందులో అసలుది ఏది తాతా? నువ్వు మా అమ్మను మోసుకుని వచ్చింది ఇక్కడికే కదా. చూసినవాడివి నువ్వే."

పైడయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "వచ్చినాను బాబూ. సూడనేదు."

"అదేమిటి?"

"నాను వెనక బోయీని. నా కళ్ళ ముందు మేనా వెనక చెక్క. దాని మీద రంగులేసిన సిలక బొమ్మ. దేశమంతా తిరిగినా నాను సూసింది ఆ సిలకనే. దాని ముక్కు కాడ రంగు ఊడిపోనాది, అదీ సెప్పగలను. మిగతా దేశమంతా మా అన్న గవరయ్య నోట సూసినాను. ఆడు ముందు బోయీ."

మేనా మోతలో ఒక రివాజు ఉంది. ముందువాడు దారి చూసి పిలుపు ఇవ్వాలి, వెనకవాడు ఆ పిలుపు విని కాలు వేయాలి. రాయుంటే రాయని, బురదుంటే బురదని చెప్పాలి. గవరయ్య అంతటితో ఊరుకునేవాడు కాడు. తమ్ముడికి చిలక తప్ప ఏమీ కనబడదని, దారిలోని వింతలన్నీ పిలుపులోనే కలిపేవాడు.

"ఇసక మేటల కాడ ఏటన్నాడో తెలుసా బాబూ? 'ఓహొం, ఇసక పాడతంది తమ్ముడా, మన మేనమామ కంటే మేలుగా పాడతంది' అన్నాడు. లోపల మీ అమ్మగారు పకపకా నవ్వినారు. సరస్సు కాడ, 'ఓహొం, కొంగలకు పెళ్ళి కుదిరింది' అన్నాడు. నాకు కళ్ళు మూసుకుంటే అయ్యన్నీ ఇప్పటికీ అగుపిస్తాయి. ఈ ఒక్క జలపాతం తప్ప."

"ఇక్కడేం చెప్పాడు?"

ముసలివాడు మోకాలు నిమురుకున్నాడు. "ఏమీ సెప్పనేదు. కొండ మలుపు కాడ పిలుపు ఆపీసినాడు. ముందు రాయి ఉందో నేదో నాకు తెల్దు కదా! కాలు మెలిపడి ఈ మోకాలు ఇరిగింది. మేనా ఒరిగిపోయి, తెరలోంచి తొంగి సూస్తన్న మీ అమ్మగారి నుదుటికి దెబ్బ తగిలింది. అక్కడినుంచే అందరం తిరిగొచ్చీసినాం. పిలుపు తప్పిన బోయీకి మాలో బతుకు నేదు. పంచాయతీలో పెద్దలు అడిగినారు, 'ఎందుకాపినావురా' అని. 'నోట మాట రానేదు' అన్నాడు. అందరూ నవ్వినారు. నన్నడిగినారు. 'అన్న పిలవనేదు' అన్నాను. అబద్ధం కాదు కదా బాబూ? ఆడిని కులవృత్తిలోంచి తీసీసినారు. మళ్ళీ ఆడితో నాను మాట్లాడనేదు. నలభయ్యేళ్ళు. పోయిన మాఘంలో ఆడు పోనాడు."

అంతలో కింద లోయదారిలో ఒంటిచెవి గండప్ప కనబడ్డాడు. ధూమ్రకేశుడి నమ్మిన బంటు. కళ్ళకు మాయ పారని కాటుక పూసుకుని, భుజాన గొడ్డలి పెట్టుకుని, మేకపోతులా ఎగబాకుతూ వస్తున్నాడు.

"తాతా, ఆ పిలుపులు నీకు గుర్తున్నాయా?"

"మరిసిపోదామని నలభయ్యేళ్ళు సూసినాను. ఒక్కటీ మరుపు రానేదు."

"అయితే పద! ధూమ్రకేశుడు కళ్ళను మోసం చేయగలడు, కాళ్ళను కాదు. నా కళ్ళు కట్టు. నువ్వు ముందు నడువు, నేను వెనక."

"నానా? ముందా?" పైడయ్య హడలిపోయాడు. "నాను ఎన్నడూ ముందు నడవనేదు బాబయ్యా!"

"నేనూ ఎన్నడూ వెనక నడవలేదు. ఇద్దరికీ కొత్తే. పద!"

ఉప్పు మూట విప్పి పారేశారు. పైడయ్య తలగుడ్డతో యువరాజు కళ్ళకు గంత కట్టాడు. తన కళ్ళు తానే గట్టిగా మూసుకున్నాడు. కర్ర ముందు కొస పైడయ్య భుజాన, వెనక కొస రాజకుమారుడి భుజాన. దేశాన్ని ఏలవలసినవాడు బోయీ వెనక బోయీ అయ్యాడు.

ముసలి గొంతు దానంతట అదే నలభై ఏళ్ళు వెనక్కి నడిచింది.

"ఓహొం... రాయుంది కుడికాలికి."

ఉంది. యువరాజు కుడికాలికి తగిలింది.

"ఓహొం... వేరుంది, దాటుకో. ఓహొం... జారుంది, బొటనేలు గుచ్చు. ఓహొం... కొమ్మొచ్చింది వంగు, నీకోసం కాదురా, మేనా కోసం..."

ఆ కొమ్మ ఈ నలభై ఏళ్ళలో ఎప్పుడో విరిగి పడిపోయి ఉంటుంది. అయినా ఇద్దరూ వంగారు. ఒక చోట పైడయ్య, "ఓహొం... సంపెంగ ఇరగపూసింది, ఊపిరి పీల్చు తమ్ముడా" అన్నాడు. నిజంగానే సంపెంగ వాసన వచ్చింది. సాంబ్రాణి కంపును చీల్చుకుని, అదే చెట్టో దాని బిడ్డో ఇంకా పూస్తూనే ఉంది. ముసలివాడు గుండెనిండా పీల్చి మళ్ళీ అడుగు వేశాడు.

మాయ ఊరుకోలేదు. గంత సందుల్లోంచి యువరాజుకు దారి మధ్యన నిప్పుల ఏరు కనబడింది. పైడయ్య "ఓహొం... మెత్తని నేల" అన్నాడు. యువరాజు పళ్ళు బిగించి నిప్పుల మీద కాలు వేశాడు. చల్లని నాచు తగిలింది. మరో మలుపులో పెద్దపులి పంజా ఎత్తి నిలబడింది. "ఓహొం... తేనెపట్టు, గోల సెయ్యకు" అన్నాడు పైడయ్య. వాళ్ళు గోల చెయ్యలేదు. పులి కూడా చెయ్యలేదు, పాపం దానికి గొంతు పెట్టడం ధూమ్రకేశుడు మరిచిపోయాడు.

వెనకనుంచి గండప్ప కేక వినబడింది. "ఒరేయ్ ఉప్పుగా! ఆగు! ముందర లోయరా, చస్తావ్!"

"మా మీద ఎంత ప్రేమ!" అన్నాడు యువరాజు.

"ఓహొం... ఊయలొచ్చింది, ఊపు తగ్గించు" అన్నాడు పైడయ్య.

అరిందముడు గంత పక్కనుంచి కిందికి చూశాడు. ఊయలా లేదు, వంతెనా లేదు. పాదాల ముందు నేల తెగిపోయింది. అడుగున ఎక్కడో మబ్బులు పారుతున్నాయి. ఈ ఒక్కసారి గండప్ప నిజమే చెబుతున్నట్టుంది.

"తాతా, ఇక్కడ ఏమీ లేదు!"

"మా అన్న ఉందన్నాడు బాబూ" అని ముసలివాడు శూన్యంలోకి కాలు చాపాడు.

టక్కుమని పాదం కింద వెదురు పలికింది. కొండవాళ్ళు ఏటేటా కొత్త తీగలతో అల్లుకునే ఊగు వంతెన కంటికి ఆననే లేదు గాని, కాలి కింద భద్రంగా ఉంది. ఇద్దరూ గాలిలో నడుస్తున్నట్టు నడిచారు. సగం దూరం పోయేసరికి వంతెన ఒక్కసారి కుదుపుకు గురైంది. ధన్! గొడ్డలి దెబ్బ. ధన్! రెండోది. గండప్పకు తీగ కనబడుతోంది మరి, వాడి కాటుక అలాంటిది.

"తాతా, పరుగు!"

"పరుగు పిలుపు మా అన్న ఇవ్వనేదు బాబూ!"

"నేనిస్తున్నాను, ఓహొం, పరుగో!"

పరిగెత్తారు. మూడో దెబ్బకు తీగ తెగి, వంతెన పామై లేచింది. యువరాజు కాళ్ళ కింద వెదుళ్ళు విడిపోయాయి. అప్పటికే అవతలి గట్టు అందుకున్న పైడయ్య కర్ర ముందు కొసను రెండు రాళ్ళ నడుమ బిగించి, కాయ కాసిన భుజాన్ని దాని కింద పెట్టి లేచి నిలబడ్డాడు. యువరాజు కర్ర కొసను పట్టుకుని లోయ మీద వేలాడుతున్నాడు. తల్లిని మోసిన భుజమే కొడుకునూ మోసింది. ఒక్క ఊపున పైకి లాగి పడేశాక, "అమ్మగారే తేలిక" అన్నాడు పైడయ్య రొప్పుతూ.

అవతలి గట్టున గండప్ప పళ్ళు నూరాడు. వంతెన తానే నరికాడు గనక, నూరుకోవడానికి అవే మిగిలాయి.

మళ్ళీ కర్ర భుజాలకెత్తుకున్నారు. గంత బిగించారు. పదిహేను అడుగులు నడిచాక పైడయ్య గొంతు నెమ్మదించింది. "ఓహొం... మలుపు వస్తంది. ఓహొం... ఎడమకి కొండ. ఓహొం..."

ఆగాడు.

"ఇంతే బాబూ. మా అన్న పిలుపు ఇక్కడితో అయిపోనాది."

ఒక్కడుగు వేశాడు. చెంపకు చల్లగా ఏదో తగిలింది. ఇంకో అడుగు. గడ్డం కింద తడిసింది. వాన పైనుంచి పడితే నెత్తి తడవాలి. ఇక్కడ గడ్డం తడిసింది, ముక్కు పుటాలు తడిశాయి, కనురెప్పలు కిందినుంచి తడిశాయి. పైడయ్య కళ్ళు తెరిచాడు.

అక్కడ మాయ లేదు. అసలు ముందర నకిలీ నిలవలేక ఎప్పుడో చెదిరిపోయింది.

కొండ కొండంతా చీలి ఉంది. ఆ చీలిక అంచుకు వచ్చిన ఏరు దూకబోయి, లోయ గాలి ఒడిసిపట్టగానే వేయి పాయలుగా విడిపోయి, పైకి, ఇంకా పైకి, తెల్లని నెమలి పురి విప్పినట్టు లేచి, పడమటి ఎండలో ఒక్కో చుక్కా దీపమై మబ్బుల్లో కలుస్తోంది. మాయ జలపాతాలకు ఏడేసి రంగుల ఇంద్రధనుస్సులున్నాయి. దీనికి ఇంద్రధనుస్సు లేదు. దానికి అలంకారమేదీ అక్కరలేదు. చప్పుడు కూడా లేదు. కింద పడని నీటికి చప్పుడెక్కడిది? అంత పెద్ద ఏరు అంత మౌనంగా, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు, వచ్చిన చోటికే తిరిగి పోతోంది.

పైడయ్య నిలబడిపోయాడు. వెనక గంతలు కట్టుకుని వస్తున్న యువరాజు కాలు రాయికి తట్టుకుని, కర్రతో సహా మోకాళ్ళ మీద కూలాడు.

"అబ్బా! తాతా! రాయుందని పిలవొద్దూ?"

జవాబు లేదు.

"పిలుపేది తాతా? ఏమైంది?"

జవాబు లేదు. యువరాజు గంత లాగేశాడు, చూశాడు. అతనికీ నోట మాట రాలేదు.

చాలాసేపటికి పైడయ్య పెదవులు కదిలాయి. యువరాజుతో కాదు. "ఇదా అన్నా?" అన్నాడు. "ఇదేనా నువ్వు సెప్పలేకపోయింది?" తడి నేల మీద చతికిలబడ్డాడు. "నోట మాట రానేదన్నావు. నిజమే సెప్పినావు. నాను నమ్మనేదు. నువ్వు పిలుపు తప్పనేదు అన్నా, నానే నిన్ను తప్పు పట్టినాను."

ఆ మొహం మీద కిందినుంచి పైకి నీళ్ళు పారుతున్నాయి. అందులో జలపాతానివెన్నో, ముసలివాడివెన్నో విడదీయడం ఆ గాలికి కూడా చేతకాలేదు.

అరిందముడు అతని మొల దగ్గరి సొరకాయ బుర్ర విప్పాడు. మామూలుగా పట్టుకుంటే ఒక్క చుక్క పడలేదు. లోకం తీరే తిరగబడిన చోట లోకం తీరున పట్టుకుంటే ఎలా? బుర్రను బోర్లించి పట్టుకున్నాడు. గటగటా నిండింది. బిరడా బిగించి ఇటు తిప్పాడు. నాలుగో గుర్తు దొరికింది.

అంతలో బుర్ర మీద నీటి చుక్క ఒకటి పడింది. పైనుంచి.

ఇద్దరూ తలెత్తారు. పొద్దు కొండ అంచుకు జానెడు దూరంలో ఉంది. పొద్దు గూకితే గాలి పడిపోతుందని, గాలి పడిపోతే ఎగసిన ఏరంతా ఒక్కసారి ఈ రాతి అరుగు మీదే విరుచుకుపడుతుందని రాజవైద్యుడు హెచ్చరించి ఉన్నాడు. వెనక వంతెన లేదు. ముందు కొండ నడుమున మేకలు నడిచే సన్నని చార ఒకటి, మలుపు తిరిగి కనబడకుండా పోతోంది. ఆ దారికి పిలుపు లేదు. గవరయ్య అటు నడవలేదు.

"లే తాతా. అటు అమ్మ ఎదురుచూస్తోంది. ఎదురుచూస్తున్నానని ఆమెకు తెలియకపోయినా సరే."

పైడయ్య లేచాడు. కర్ర తీసుకుని, ముందు కొస యువరాజు చేతికిచ్చాడు. "ఇక మీరు ముందు బాబూ. కొత్త దారికి పడుచు కళ్ళు కావాల. నాను వెనక బోయీని, నాకు అదే అలవాటు. పిలుపు మాత్రం ఇవ్వండి."

సన్నని చార మీద యువరాజు పాదం మోపాడు. బోయీల పిలుపు యువరాజు నోట కొంచెం సంస్కృతంగా పలికింది గాని, గతి తప్పలేదు.

"ఓహొం... శిల ఉంది... కాదు కాదు, రాయుంది ఎడంకాలికి. ఓహొం... నేల జారుతోంది, బొటనవేలు గుచ్చు. ఓహొం... పైనుంచి చుక్కలు, తల వంచు. ఓహొం... మలుపు..."

పిలుపు ఆగిపోయింది.

కర్ర వెనక కొసన పైడయ్యకు అరిందముడి వీపు తప్ప ఏమీ కనబడదు. మలుపు అవతల గండప్పలాంటివాడు ఇంకొకడున్నాడో, ఇంకో వింత ఉందో, దారే లేదో తెలియదు. గాలి సన్నబడుతోంది. నెత్తిన చుక్కలు చినుకులయ్యాయి.

నలభై ఏళ్ళ కిందట ఇలాంటి మౌనంలోనే అతడు కాలు ముందుకు వేశాడు. ఈసారి వేయలేదు. పిలుపు ఆగితే ముందువాడు తప్పు చేశాడని కాదు, ముందేదో ఉందని. రెండు పాదాలూ రాతికి తన్నిపెట్టి, బరువంతా కాయ కాసిన భుజం మీదికి తీసుకుని, వెనక బోయీ నిలబడ్డాడు.

"తొందర నేదు బాబూ" అన్నాడు మెల్లగా. "సూడండి. నాను పట్టుకునే ఉన్నాను."